నూట ఎనిమిది కుట్ల బంతి

హిందూపురం స్టేషన్లో రైలు ఆగగానే "మామా, ఇక్కడి నుంచి మనదేనా?" అని అడిగాడు మా మేనల్లుడు. మనదేనన్నాను. బెంగుళూరు నుంచి వచ్చే రైలుకు ఆంధ్రలో తగిలే మొదటి పెద్ద ఊరు అదే. వాడు కిటికీ ఊచలకు నుదురు ఆనించి చూడసాగాడు. జులై మొదటి వారం. దున్ని సిద్ధం చేసిన ఎర్రచేలు, వాటి నడుమ బండరాళ్ళ గుట్టలు, అక్కడక్కడా చింతచెట్లు. కొన్ని చేలల్లో చెనిక్కాయ విత్తనం పడింది. కొన్ని ఇంకా వాన కోసం ఆకాశం చూస్తున్నాయి.

వాడికి పదిహేడేళ్ళు. మా అక్క కొడుకు. షికాగోలో పుట్టి అక్కడే పెరిగాడు. పసితనంలో రెండుసార్లు కొత్తచెరువు వచ్చాడు గానీ వాడికేమీ గుర్తు లేదు. ఈసారి అక్క వాణ్ణి ఒక్కణ్ణే పంపింది. "వాడికి బేస్‌బాల్ తప్ప వేరే లోకం లేదు. మన ఊరు చూపించు. నాయన ఆడించిన చోట్లు చూపించు" అంది ఫోన్లో. వాడు బట్టల కంటే ముందు సంచిలో సర్దుకున్నవి మూడు: తోలు చేతితొడుగు, ఒక బంతి, స్కోరు రాసుకునే పుస్తకం.

పెనుకొండ దాటుతుండగా ఆ బంతి తీసి నా చేతిలో పెట్టాడు. క్రికెట్ బంతి కన్నా కొంచెం పెద్దది, కొంచెం తేలిక. తెల్లతోలు మీద ఎర్రదారం. "నూట ఎనిమిది కుట్లుంటాయి మామా. చేత్తోనే కుడతారు" అన్నాడు. అమెరికా పెద్ద లీగులో వాడే బంతులు కోస్టారికా దేశంలో తురియాల్బా అనే ఊళ్ళో తయారవుతాయి. మన మీరట్, జలంధర్ పనివాళ్ళు క్రికెట్ బంతిని కుట్టినట్టే అక్కడివాళ్ళూ రెండు సూదులు పట్టుకుని కూర్చుని కుడతారు. నూట ఎనిమిది అనగానే నాకు అమ్మ రోజూ చదువుకునే అష్టోత్తరం గుర్తొచ్చింది. ఆ లెక్కకు ఇంకో అర్థం కూడా ఉందని వాడు మూడు రోజుల తర్వాత గానీ చెప్పలేదు.

శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్లో దిగాం. 2000 నవంబరులో తెరిచిన స్టేషను ఇది. పేరు పుట్టపర్తి ఆశ్రమానిదే అయినా, ఉన్నది మా కొత్తచెరువు పక్కన. మా చిన్నప్పుడు రైలెక్కాలంటే ధర్మవరానికో పెనుకొండకో బస్సులో పోవాల్సిందే. ఆటో దిగేసరికి అమ్మ గడపలోనే నిలబడి ఉంది. "రా సామీ, రా. ఎంత పొడుగైనావప్పా!" అని మనవడి గడ్డం పుణికి, ముద్దు పెట్టుకుంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జి వేడివేడిగా సిద్ధం. బజ్జి కారానికి వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా ప్లేటు ఖాళీ చేశాడు. "మీ తాత కూడా ఇంతే, ఆట నుంచి వచ్చి ఎన్ని పెట్టినా తినేవాడు" అంది అమ్మ.

మాది ఆటల ఇల్లు. జేజినాయన చెడుగుడు ఆటగాడు. ఎనభై ఏళ్ళ వయసులో కూడా కూత మొదలుపెడితే వీధి చివరిదాకా వినపడేది. నాయన హైస్కూల్లో డ్రిల్ సారు. అమ్మ పెళ్ళికి ముందు స్కూలు ఖోఖో జట్టులో ఆడింది. ఇప్పటికీ ఎవరైనా పరిగెత్తుతుంటే వాళ్ళు మలుపు తిరిగే తీరు చూసి బాగోగులు చెబుతుంది. అక్క పరుగు పందేలు. నాకు క్రికెట్. రాత్రి అన్నాలప్పుడు చదువుల మాట ఒక వంతు, ఆటల మాట మూడు వంతులు. ఎవరు గెలిచారన్నది నాయనకు రెండో ప్రశ్న. "ఎట్ల ఆడినారు?" అన్నది మొదటిది.

మర్నాడు తెల్లారకముందే వాణ్ణి చెరువుకట్ట మీదికి తీసుకెళ్ళాను. మా ఊరి పేరులోనే చెరువుంది. పక్కనే బుక్కపట్నం చెరువు, చిత్రావతి నీళ్ళు నింపుకునే పాతకాలపు పెద్ద చెరువు. పేర్లు చూసి ఇది నీళ్ళ సీమ అనుకోకూడదు. పాత అనంతపురం జిల్లా మొత్తం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే ప్రాంతం. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. 2022 ఏప్రిల్లో జిల్లా విడిపోయి పుట్టపర్తి మాకు జిల్లా కేంద్రమైంది గానీ, మేఘాలకు ఆ సంగతి తెలియదు కదా. కాబట్టి నా చిన్నతనంలో చెరువు ఎండిన నెలలే ఎక్కువ. ఎండిన చెరువే మా మైదానం.

నీళ్ళు ఇంకిపోయిన చోట ఒండ్రు ఎండి గట్టిపడి నెర్రెలు విచ్చేది. నెర్రెలు లేని ఒక జాగా వెతికి, నాయన అడుగులతో ఇరవై రెండు గజాలు కొలిచేవాడు. తుమ్మకట్టెలు మూడు పాతితే వికెట్లు. బంతి నెర్రెలో పడితే ఎటు తిరుగుతుందో దేవుడికే ఎరుక. చూపు చివరిదాకా బంతి మీద ఉంచడం నేను ఆ నెర్రెల దగ్గరే నేర్చుకున్నాను. పెద్దవాన పడి చెరువులోకి నీళ్ళొస్తే ఆ ఏడాదికి మా ఆట పోయినట్టే. అయినా ఆ రోజు ఊళ్ళో అందరికంటే ముందు కట్ట మీదికి పరిగెత్తి ఎగిరేది మేమే. నీళ్ళు మా పిచ్ మీదికి పాకుతుంటే చప్పట్లు కొట్టేవాళ్ళం. మైదానం పోయినందుకు ఏ పిల్లవాడూ ఏడవలేదు. నీళ్ళంటే ఏమిటో మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

ఇదంతా చెబుతుంటే మేనల్లుడు కట్ట మీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు. "ఎన్ని అడుగులు మామా, ఇరవై రెండు గజాలంటే?" అన్నాడు. అరవై ఆరు. "మాకు బంతి విసిరేవాడికీ కొట్టేవాడికీ మధ్య అరవై అడుగుల ఆరంగుళాలు" అన్నాడు. ఇంచుమించు ఒకటే దూరం. రెండు దేశాల్లో రెండు ఆటలు ఎదిగాయి గానీ, విసిరిన బంతిని మనిషి కన్ను పసిగట్టడానికి కావలసిన ఆ జాగా మాత్రం పెద్దగా మారలేదు.

మధ్యాహ్నం అమ్మ నాయన ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున గుడ్డ చుట్టిన నోటుపుస్తకాలు. నాయన రేడియో విని రాసిన స్కోర్లు. వ్యాఖ్యానం ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి హిందీలో మారుతూ వచ్చేది. రెండూ నాయనకు సగం సగమే తెలుసు. అంకెలు మాత్రం పూర్తిగా తెలుసు. నల్లసిరాతో పరుగులు, ఎర్రసిరాతో వికెట్లు. పరుగు రాని బంతికి చుక్క. ఓవరంతా పరుగు రాకపోతే ఆ ఆరు చుక్కల్నీ గీతలతో కలిపి ఇంగ్లీషు ఎమ్ అక్షరం చేస్తారు. అందులో వికెట్టు కూడా పడితే డబ్ల్యూ చేస్తారు. అక్కకు, నాకు అక్షరాభ్యాసం తర్వాత జరిగిన రెండో అక్షరాభ్యాసం అదే.

మొట్టమొదటి పుస్తకం 1983 జూన్ 25, లార్డ్స్‌లో ప్రపంచకప్పు ఫైనల్ రోజుది. ఆ రాత్రి నాకు పదకొండేళ్ళు. మిద్దె మీద చాపలు పరుచుకుని, నడిమధ్య ట్రాన్సిస్టరు పెట్టుకుని కూర్చున్నాం. మన జట్టు 183కే కూలినప్పుడు జేజినాయన పడుకుంటానని లేచాడు. నాయన లేవనివ్వలేదు. మదన్‌లాల్ బంతికి రిచర్డ్స్ ఇచ్చిన క్యాచ్‌ను కపిల్ వెనక్కి పరిగెత్తి పట్టినప్పుడు నాయన ఎర్రసిరా కలం వెతుక్కోవడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. వెస్టిండీస్ 140. ఆ అంకె కింద నాయన రెండు గీతలు కొట్టాడు. పేజీ చివర "25-6-1932" అని ఇంకో తేదీ రాశాడు. మర్నాడు వివరం చెప్పాడు. సరిగ్గా 51 ఏళ్ళ కిందట అదే రోజున, అదే లార్డ్స్‌లో మన దేశం తొలి టెస్టు మొదలుపెట్టింది. సారథి సి.కె. నాయుడు, నాగపూర్‌లో స్థిరపడిన తెలుగింటి బిడ్డ. ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా టెస్టులాడాడు. కూతురు చంద్ర మన దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతల్లో ఒకరయ్యారు. ఆంధ్ర జట్టు 1953-54లో మొదటిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో దాన్ని నడిపించింది ఆయనే. "ఆట కూడా ఇంటి ఆస్తేరా, పంచుకున్నా తరగదు" అని నాయన ఆ కుటుంబం గురించి చెప్పేవాడు.

మేనల్లుడికి తెలుగు అక్షరాలు రావు. కానీ ఆ పేజీల మీద వేలు పెట్టి గడగడా చదవసాగాడు. "ఇది మెయిడెన్. ఇక్కడ వికెట్టు పడింది. ఇక్కడ మళ్ళీ చుక్క" అని. నేను ఆశ్చర్యపోయి అడిగితే, "అమ్మ నాకు ఇట్లే కదా నేర్పింది" అన్నాడు. అక్క షికాగో వెళ్ళిన కొత్తలో బేస్‌బాల్ చూసి అర్థం కాక, నాయన పద్ధతిలో కాగితం మీద గీతలు గీసుకుని ఆట నేర్చుకుందట. కొడుకు పుట్టాక వాడికి అదే నేర్పింది. తన పుస్తకం తెచ్చి పక్కన పెట్టాడు. బ్యాటరు మూడు స్ట్రైకులకు అవుటైతే 'కె' అక్షరం, బ్యాటు కదపకుండా నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి.

ఈ రెండు పుస్తకాలకూ నిజంగానే చుట్టరికం ఉంది. బేస్‌బాల్ స్కోరు పట్టికకు రూపమిచ్చిన హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండులో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరి, అక్కడ క్రికెట్ విలేఖరిగా పనిచేసినవాడు. క్రికెట్ స్కోరు చేతిలో ఉన్నవాడే బేస్‌బాల్‌కు స్కోరు గీశాడు. మా అక్క నూటయాభై ఏళ్ళ తర్వాత, ఆయన పేరైనా తెలియకుండా, అదే దారిన నడిచింది.

మూడో రోజు పుట్టపర్తి వెళ్ళాం. ఆశ్రమం చూసుకుని నేరుగా హిల్‌వ్యూ స్టేడియానికి. ఒకవైపు కొండ. దాని మీద ఆకాశమెత్తు నిలిచిన హనుమంతుడు, ఇంకా కృష్ణుడు, శివుడు, బుద్ధుడు, క్రీస్తు విగ్రహాలు. ఏటా జనవరి 11న సత్యసాయి విద్యాసంస్థల పిల్లలు ఈ మైదానంలోనే ఆటల పండుగ చేస్తారు. మా ఇంట్లో మాత్రం ఈ చోటుకు ఒకటే తేదీ: 1997 డిసెంబరు 30. ఆ రోజు ఇక్కడ యూనిటీ కప్ పేరుతో భారత జట్టుకూ ప్రపంచ జట్టుకూ ఆట జరిగింది. గవాస్కర్ పూనుకుని జరిపించిన ఆట అది. మన సారథి సచిన్ ఆడాడు. శ్రీలంకకు ప్రపంచకప్పు తెచ్చిపెట్టిన రణతుంగ వచ్చాడు.

ఆ రోజు తెల్లవారుజామున కొత్తచెరువు నుంచి నడిచి బయలుదేరాం. బస్సులు కిక్కిరిసి ఆగకుండా పోతున్నాయి. దారి పొడుగునా జనం. చెనిక్కాయ కోతలు అయిపోయి, చేతిలో డబ్బున్నవాడూ లేనివాడూ అందరూ ఒకే వైపు నడుస్తున్నారు. నాయనకు అప్పటికి మోకాళ్ళ నొప్పి. కూర్చుంటూ లేస్తూ నడిచాడు. పదిహేనేళ్ళు రేడియోలో విని రాసిన పేర్లు ఆ రోజు మనుషులై ఎదురుగా మైదానంలో నిలబడ్డాయి. సచిన్ దిగగానే నాయన పుస్తకం మూసేశాడు. "రాయవా నాయనా?" అంటే "ఈ పొద్దు చూస్తా" అన్నాడు. ఆయన పుస్తకాలన్నిటిలో ఆ ఆట ఒక్కటే లేదు. మేనల్లుడు ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. తాత ఎక్కడ కూర్చున్నాడని అడిగాడు. చూపించాను.

నాలుగో రోజు ధర్మవరం మీదుగా అనంతపురం. ధర్మవరంలో టీ తాగుతుంటే బల్ల దగ్గరి కుర్రాళ్ళు బెంగుళూరు జట్టు గురించి మాట్లాడుకుంటున్నారు. మా సీమకు హైదరాబాదు కన్నా బెంగుళూరు దగ్గర. అందుకే ఐపీఎల్‌లో ఇక్కడ చాలా ఇళ్ళు ఎర్రచొక్కా వైపే. 2008 నుంచి ఆడి, పద్దెనిమిదో ఏట, 2025 జూన్ 3న ఆ జట్టు ఆరు పరుగుల తేడాతో తొలిసారి కప్పు గెలిచింది. "పద్దెనిమిదేళ్ళు ఓపిక పట్టినామన్నా" అని ఒక కుర్రాడు గర్వంగా చెప్పాడు. వాడి వయసే అంతుంటుంది. మేనల్లుడు నవ్వి ఊరుకున్నాడు.

అనంతపురంలో ఆర్డీటీ క్రీడాగ్రామం చూడకుండా ఆటల మనిషి వెనక్కి రాకూడదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు జిల్లాలో మొదలుపెట్టిన సంస్థ ఆర్డీటీ. బావులు, బడులు, ఆసుపత్రులతో పాటు పల్లె పిల్లలకు ఆటస్థలాలు కూడా కావాలని గుర్తించింది. 2010లో టెన్నిస్ ఆటగాడు నడాల్ స్వయంగా వచ్చి తన ఫౌండేషన్ తరఫున ఇక్కడ పిల్లల టెన్నిస్ బడిని ప్రారంభించాడు. పొలం పనికి వెళ్ళే తల్లుల పిల్లలు అక్కడ రాకెట్టు పట్టి, దాంతోపాటే ఇంగ్లీషూ కంప్యూటరూ నేర్చుకున్నారు. పచ్చగడ్డి మైదానం చుట్టూ చెట్లు చూస్తే ఇది మా జిల్లాయేనా అనిపిస్తుంది.

2024 సెప్టెంబరులో ఇదే మైదానంలో దులీప్ ట్రోఫీ జరిగింది. నేను నాలుగు రోజుల ఆట చూసేందుకు సెలవు పెట్టి వచ్చాను. ఇండియా డి జట్టు ముందు 488 పరుగుల లక్ష్యం. ఎవరూ గెలుస్తామనుకోని ఆట. అందులో మన ఆంధ్ర జట్టు ఆటగాడు రికీ భుయ్ 113 పరుగులు చేశాడు. ఇండియా డి 186 పరుగుల తేడాతో ఓడింది. భుయ్ నూరు దాటినప్పుడు గట్టు మీద లేచి నిలబడిన జనంలో అందరికీ తెలుసు, ఓటమి ఖాయమని. అయినా నిలబడ్డారు. మా సీమ మనుషులకు అది తెలియని విద్య కాదు. ఏటా జూన్, జులైలలో చెనిక్కాయ విత్తడం అంటే అదే. పోయిన ఏడు పంట ఎండింది, ముందటేడూ ఎండింది. అయినా మొదటి పదునుకు గొర్రు కట్టకుండా ఏ రైతూ కూర్చోలేడు. అభిమాని కూడా అంతే. గెలుస్తారని చూసేది కాదు అభిమానం. మళ్ళీ విత్తడం.

ఆ మాట అంటే, తిరిగొచ్చే దారిలో మేనల్లుడు తన నూట ఎనిమిది లెక్క చెప్పాడు. వాడి జట్టు షికాగో కబ్స్. 1908లో ఛాంపియన్లయ్యారు. ఆ తర్వాత గెలుపు లేదు. తాతలు చూడలేదు, తండ్రులు చూడలేదు. జట్టు మాత్రం ఎవరూ మార్చుకోలేదు. చివరికి 2016లో, 108 ఏళ్ళకు, ఫైనల్ ఏడో ఆట దాకా వచ్చింది. ఆ ఏడు మామూలు సీజన్లోనే 103 ఆటలు గెలిచి 58 ఓడిన జట్టు. బేస్‌బాల్ పెద్ద లీగులో ఒక్కో జట్టు ఏడాదికి నూట అరవైకి పైగా ఆటలాడుతుంది, ఎంత గొప్ప జట్టైనా చాలాసార్లు ఓడి తీరాలి. నవంబరు 2 రాత్రి క్లీవ్‌లాండులో తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 6-6. పదో ఇన్నింగ్స్ మొదలయ్యే ముందు వాన వచ్చింది. పదిహేడు నిమిషాలు ఆట ఆగింది. వాన వెలిశాక కబ్స్ 8-7తో గెలిచారు.

"వాన వచ్చి గెలిచినారా!" అంది అమ్మ, రాత్రి అన్నాల దగ్గర ఇదంతా మళ్ళీ చెప్పించుకుని. ఆమె మొహం వెలిగిపోయింది. ఆ కథలో ఆమెకు అర్థం కానిది ఏదీ మిగల్లేదు.

అప్పుడు వాడు ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. ఆ గెలుపు తర్వాత షికాగో జనం 1914లో కట్టిన రిగ్లీ ఫీల్డ్ దగ్గరికి వెళ్ళి, దాని ఇటుకగోడల మీద సుద్దముక్కలతో పేర్లు రాశారు. ఎదురుచూస్తూ, చూడకుండానే వెళ్ళిపోయిన తమవాళ్ళ పేర్లు. గోడలన్నీ నిండిపోయాయి. ఆ రంగురంగుల పేర్ల నడుమ, ఎనిమిదేళ్ళ పిల్లవాడి భుజమెత్తున, తెలుగులో మా నాయన పేరు ఉంది. అక్క రాసింది. బేస్‌బాల్ బంతిని ఒక్కసారీ చూడకుండా 2012లో పోయిన మా కొత్తచెరువు డ్రిల్ సారు పేరు. అమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. "సుద్దముక్కతో రాసిందా" అని ఒక్క మాట అంది. జీవితమంతా సుద్దతో గీతలు గీసి పిల్లల్ని పరిగెత్తించిన మనిషి ఆయన.

మర్నాడు పొద్దున వాడు ట్రంకుపెట్టెలోని చివరి పుస్తకం అడిగాడు. అది 2011 ఏప్రిల్ 2. 1983 తర్వాత 28 ఏళ్ళకు వచ్చిన ప్రపంచకప్పు. శ్రీలంక 274, మనం నాలుగు వికెట్లకు 277. నాయన చెయ్యి వణికింది. అంకెలు గీత దాటి పోయాయి. చివర ధోనీ సిక్సరుకు ఆరు అంకె మాత్రం స్పష్టంగా, పెద్దగా ఉంది. దాని తర్వాత పేజీలన్నీ ఖాళీ.

సాయంత్రం వీధి పిల్లలు రబ్బరుబంతితో ఆడుతుంటే వాడు అరుగు మీద కూర్చుని, ఆ ఖాళీ పేజీల్లో మొదటిదాని మీద తేదీ వేసి స్కోరు రాశాడు. చుక్కలు, గీతలు, పిల్లల పేర్లు. అమ్మ పక్కన కూర్చుని ఎవరు ఎవరి కొడుకో చెబుతూ ఉంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. రేడియో విని ఎవరో రాసిన స్కోరో, చెడుగుడు పందెంలో వచ్చిన ఇత్తడి చెంబో, అమ్మ బడిలో గెలుచుకున్న కాగితమో. పాతదని పారేయకండి. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని దాని కథ చెప్పండి. వాళ్ళు ఏ ఆటనైనా ప్రేమించనివ్వండి, ఏ దేశంలోనైనా ఆడనివ్వండి. ఖాళీ పేజీలు ఉంటే రాయడానికి కలం కూడా ఇవ్వండి.